ముగ్గుపిండిలో గీత

అరవైల నాటి మాట. నెల్లూరు బస్టాండులో ఇందుకూరుపేట బస్సు కోసం కూర్చున్నాను. నా సంచిలో కనపడుతున్న కిరసనాయిలు, ముగ్గుపిండి కొంచెం ఇమ్మని పక్కనున్నాయన అడిగాడు. తువ్వాలులోంచి వంగిన ఇనుప గొట్టం ఒకటి తీసి, దాని అతుకు మీద కిరసనాయిలు రాసి, బాగా తుడిచి, పిండి చల్లాడు.

"పగులుంటే లోపలి నూనె పిండిలోకి ఊరతాదక్కా. వెల్డింగు చేసీ చేసీ నా కళ్ళు మసకలు. గీత కనపడతా ఉండాదా?"

"బియ్యంలో రాయే నన్ను తప్పించుకోలేదన్నా! ఇదిగో, అతుకు పక్కనే, వెంట్రుకంత గీత," అన్నాను గొప్పగా. "ఇంతకీ ఏందిది?"

ఆయన గోటితో ఆ గీతను తడిమి చూసుకున్నాడు.

"మా తమ్ముడు ఇంట్లోనే కట్టుకున్న ఇమానం. దాని రెక్క కింద ఊత ఇది. పగిలితే నేనే అతికినా. గట్టిగుండాది, ఎక్కరా అని నేనే చెప్పినా. మైపాడు సముద్రం ఒడ్డున ఇసకలో పడి చచ్చిపోయినాడు. అతుకు నిలిచుంటే గాలిదే తప్పనుకుందామని చూసినానక్కా."

ఆయన గొట్టాన్ని తువ్వాలులో చుట్టి, నా సీసాకు బిరడా జాగ్రత్తగా బిగించి ఇచ్చాడు.

ఇప్పటికీ ఎవరైనా ఏదైనా చూసిపెట్టమంటే, అది ఎవరిదని ముందు అడుగుతాను.