కట్టు విప్పి చూసిన మామిడి అంట్లు

తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న వానాకాలంలో, హైటెక్ సిటీలోని మా ఆఫీసు ఊడ్చే అవ్వ నన్నడిగింది: "సారూ, మీకు అంటు కట్టుడు వస్తదా?" నార్సింగిలో వాళ్లు ఎప్పుడో అమ్మేసిన జాగాలో, ఆమె అత్త పెట్టిన మామిడి చెట్టు ఇంకా ఉంది. అక్కడ అపార్ట్‌మెంట్లు వస్తున్నాయి. నెలాఖరుకి చెట్టు కొట్టేస్తారు. ఆ కాయ రుచి మళ్లీ దొరకదని ఆమె దిగులు.

కడప జిల్లాలో మా తాత అంటు కడుతుంటే నేను దారం పట్టుకున్న మాట నిజం. అంతకు మించి రాదు. కానీ ఆఫీసులో తెలియదని చెప్పే అలవాటు పోయి చాలా కాలమైంది. "అదెంత పని అవ్వా, కట్టేస్తా" అన్నాను.

ఏడాదికి జానెడైనా పెరగని ముసలి చెట్టు. పెన్సిలంత లావు పుల్ల కోసం కొమ్మకొమ్మా వెతికితే పది దొరికాయి. కూకట్‌పల్లిలో నా బాల్కనీలో నాటు మొక్కలకు వాటిని అతికించి ప్లాస్టిక్ పట్టీ చుట్టాను. అక్కడితో ఊరుకుంటే నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి ఎందుకవుతాను? రోజూ పొద్దున్నే పట్టీలు విప్పి, అతుకు ఎంతవరకు వచ్చిందో చూసి, మళ్లీ చుట్టి, కంప్యూటర్‌లో పట్టిక నింపాను. పన్నెండో రోజుకి పట్టిక నిండింది, పుల్లలన్నీ నల్లబడ్డాయి.

రెండు వారాలు ఆమెకు మొహం చాటేసి, చివరికి చెప్పాను. "రోజూ విప్పితే ఎట్ల అతుకుతది సారూ? విరిగిన కాలి కట్టు గిట్లనే విప్పుతరా?" అని కూలబడింది. మర్నాడే చెట్టు కొట్టే మిషన్ వస్తుందట. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు బంద్. మిషన్ రాలేదు. బంద్ పిలుపు విన్నప్పుడల్లా సణిగే మనిషిని నేను. ఆ రోజు మాత్రం, ఇంకో రోజు పొడిగించండి నాయనా అని మొక్కుకుంటూ, రొప్పుకుంటూ నార్సింగి దాకా నడిచాను. చెట్టు కింద మొలిచిన మొక్కల్ని ఆమె అప్పటికే సంచుల్లో పెట్టింది. ఈసారి సన్నవైనా సరేనని మిగిలిన పుల్లలు నేను కోస్తే ఆమె చుట్టింది. అలవాటుగా పట్టీ మీదికి పోయిన నా చేతిని చటుక్కున కొట్టింది.

"ఇవి నా కిరాయి రూం కాడ ఉంటయి. కాయ కాసినంక పిలుస్త. అప్పటిదాక మీరు రాకుండ్రి."

ఆ వారంలోనే చెట్టు పోయింది. మూడో ఎండాకాలంలో ఆమె పిలిచింది. రూం ముందు డ్రమ్ములో మొక్క, దానికి ఒక్కటే పండు. కోసి, ముందు ఆమే ఒక ముక్క నోట్లో వేసుకుంది. తల వంచుకుని నెమ్మదిగా నములుతోంది.

"ఏమైంది అవ్వా, అది కాదా?" అన్నాను, ఆగలేక.

"జర ఆగుండ్రి సారూ" అంది కళ్లు తుడుచుకుంటూ. "మా అత్త యాదికొచ్చింది."