ఆ మెయిల్ చెరిపింది నేనే

ఇన్నేళ్లు దీన్ని ఎలా మోశానో నాకే తెలియదు. మోశాను అనడం కూడా సరికాదేమో. అది నాతోపాటే ఉంది, అంతే. కూర తరుగుతుంటే ఉంది. పాపకు జడ వేస్తుంటే ఉంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. మా ఆడబిడ్డ మాధవికి వచ్చిన ఉద్యోగం మెయిల్‌ను ఆమెకు తెలియకుండా తెరిచి చెరిపేశాను. ఆ నింద మరో అమ్మాయి మీద పడింది. పడనిచ్చాను.

పడనిచ్చాను అన్న మాట కూడా నిజం కాదు. అక్కడికి వస్తాను.

మాది తిరుపతి. ఈ ఊళ్లో ఇల్లున్నవాళ్లకు ఒక పని తప్పదు. దర్శనం టిక్కెట్లు ఆన్‌లైన్‌లో విడుదలయ్యే రోజు వస్తోందంటే చిత్తూరు నుంచీ కాణిపాకం నుంచీ చుట్టాలంతా ఫోన్ చేసి తమ పాస్‌వర్డులు చెప్పేస్తారు. మా ఇంట్లో ఆ పని నాది, చదువుకున్న కోడలిని కాబట్టి. ఇంట్లోవాళ్ల ఫోన్లన్నీ మంచం మీద వరసగా పరుచుకుని కూర్చునేదాన్ని. దూరాన ఉన్నవాళ్లు వచ్చిన ఓటీపీని వచ్చినట్టే చదివి వినిపించేవాళ్లు. "మా కోడలు స్వామి కాడ గుమాస్తా అప్పా. ఆయమ్మ చెయ్యి పడితే గానీ టిక్కెట్టు రాదు" అని మా మామ వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేవాడు. నాకూ గర్వంగానే ఉండేది.

దేవుడి పని కదా. అందులో అనుమానం ఎవరికి వస్తుంది? చాలామందికి అన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్. టిక్కెట్ల కోసం నాకు చెప్పినదే వాళ్ల మెయిల్‌కూ తాళం. ఆ సంగతి నాకు తెలుసు. జాగ్రత్తగా ఉండమని ఎవరికైనా చెప్పానా? లేదు. అందరి తాళాలూ నా దగ్గర ఉండడం నాకు బాగుండేది.

మాధవి అప్పుడే ఎంసీఏ పూర్తి చేసి ఇంట్లో ఉంది. మా పాపకు ఇంకా పళ్లు కూడా రాలేదు. నేనొక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. సెలవు అయిపోవస్తోంది, రాకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటామని కాలేజీవాళ్లు చెప్పేశారు. అత్తకు మోకాళ్ల నొప్పులు, పసిబిడ్డను ఎత్తుకోలేకపోయేది. పాప నా తర్వాత మాధవి దగ్గరే ఏడవకుండా ఉండేది. మాధవి ఉంటే నేను కాలేజీకి పోగలను. మాధవి లేకపోతే పోలేను. అప్పట్లో నా లోకమంతా అంతే.

ఆమె బెంగళూరులో ఒక కంపెనీకి దరఖాస్తు పెట్టింది. ఒక్కతే కాదు, కాలేజీ స్నేహితురాలు నస్రీన్‌తో కలిసి. నస్రీన్ వాళ్ల నాన్నకు బజారులో టైలరు దుకాణం ఉంది. ఇద్దరూ నస్రీన్ లాప్‌టాప్ మీదే దరఖాస్తులు నింపుకున్నారు, ఇద్దరూ ఇంటర్వ్యూకు పోయొచ్చారు. ఒకరి పాస్‌వర్డ్ ఒకరికి తెలుసు. అంత దగ్గర.

ఆ రోజు మాధవి, అత్త తిరుచానూరు గుడికి పోయారు. ఎవరికో బుక్ చేసిన టిక్కెట్టు మాధవి మెయిల్‌కు రావాలి. దానికోసమే నా ఫోన్‌లో తెరిచాను. ఇది మాత్రం నమ్మండి. టిక్కెట్టు పైనే ఉంది. దాని కింద బెంగళూరు కంపెనీ మెయిల్, మాధవి ఇంకా చూడనిది. మాధవి ఎంపికైంది. మరుసటి రోజు సాయంత్రంలోగా జవాబు పంపాలి, లేకపోతే ఆ అవకాశం వేరొకరికి పోతుంది.

చదివి మూసేసి ఉండొచ్చు. ఫోన్ చేసి, మాధవీ నీకు ఉద్యోగం వచ్చిందే అని అరిచి ఉండొచ్చు. ముందు ఆ ఆలోచనే వచ్చింది కూడా. అంతలో లోపలి గదిలో పాప లేచి ఏడ్చింది. పాపను ఎత్తుకుని, ఒక చేత్తో ఆ మెయిల్ తీసేశాను. తర్వాత చెత్తబుట్టలోకి వెళ్లి అక్కడి నుంచి కూడా తీసేశాను. మొదటిది ఏదో క్షణంలో చేశానని నాకు నేను చెప్పుకోవచ్చు. రెండోది? దానికి వెతుక్కుంటూ పోవాలి. నిజంగానే తీసేయమంటావా అని ఫోన్ అడుగుతుంది కూడా. అవునన్నాను.

జవాబు రాలేదు కనుక వేరేవాళ్లను తీసుకున్నామని కంపెనీ నుంచి కొన్నాళ్లకు ఇంకో మెయిల్ వచ్చింది. అది మాధవే చూసింది. వాళ్లకు ఫోన్ చేసి, వంటింట్లోకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"నాకు మెయిలే రాలేదు వదినా. అడిగితే పంపించినాం అంటాండారు. యాడికి పోతాది?"

"సూసుకోకుండా నువ్వే తీసేసినావేమో."

"నేనెందుకు తీసేస్తాను? దినామూ దానికోసమే కదా సూస్తాండేది."

అత్త చింతపండు పిసుకుతూ తలెత్తకుండానే అంది. "బీగాలు ఊరందరికీ పంచిపెట్టినట్ల పాస్‌వర్డులు పంచితే ఇట్లనే అయితాది. ఎవురెవురికి చెప్పినావో ఏమో."

"ఎవురికి చెప్పినానమ్మా? వదినకు తెల్సు. అంతే."

ఆమె నన్ను అనుమానించి అనలేదు. లెక్కలోకి రాని మనిషిని ముందు చెప్పినట్టు చెప్పింది.

"నస్రీన్‌కి గూడా తెల్సు కదా" అన్నాను.

"అది అట్లాంటిది కాదు వదినా."

"కాదనే అనుకుందాం. దానికి రాలేదు కదా ఆ ఉద్యోగం."

ఇదే. మీకు చెప్పాలనుకున్నది ఇదే. మెయిల్ చెరపడం కన్నా ఈ మాట పెద్దది. మెయిల్‌తో ఒక ఉద్యోగం పోయింది. ఈ మాటతో ఒక మనిషి పోయింది. ఆ మాట నేను భయంతో అన్నానా, తెలివిగా అన్నానా? ఎన్నిసార్లు తిరగేసినా రెండూ కలిసే కనిపిస్తాయి.

మాధవి నస్రీన్‌ను ఫోన్‌లో ఏమని అడిగిందో తెలియదు. సాయంత్రానికి నస్రీన్ వచ్చింది. మాధవి గదిలోంచి బయటికి రాలేదు. గేటు దగ్గర నేనే నిలబడ్డాను, పాపను ఎత్తుకుని. "అక్కా, నువ్వన్నా చెప్పక్కా. నేను అట్లా చేస్తానా?" అని అడిగింది. పాప ఆమె బుర్ఖా అంచు పట్టుకుని లాగుతోంది. "నాకేం తెల్సు నస్రీన్, మీరూ మీరూ మాట్లాడుకోండి" అన్నాను. నస్రీన్ పాప వేళ్లు మెల్లగా విడిపించి వెళ్లిపోయింది. మళ్లీ మా వీధికి రాలేదు.

ఆ రాత్రే మాధవికి కొత్త పాస్‌వర్డ్ పెట్టించాను. రెండో తాళం కూడా పెట్టించాను. కొత్త చోటు నుంచి తెరిస్తే ఫోన్‌కు కోడ్ వస్తుంది. తన ఫోన్ పోతే దిక్కుండాలని నా నంబరు కూడా ఇమ్మంది. ఇచ్చాను. దొంగకే కాపలా అప్పగిస్తున్నానని ఆమెకు తెలియదు. నాకు తెలుసు.

మాధవి ఇప్పుడు చిత్తూరులో టీచరు. పెళ్లయింది, బాగానే ఉంది. మొన్న కొత్త ఫోన్ కొనుక్కుంటే కోడ్ నాకు వచ్చింది. చదివి వినిపించాను. "నువ్వుండావని ధైర్యం వదినా" అని పెట్టేసింది. చుట్టాలు ఇప్పటికీ నన్నే అడుగుతారు. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పొద్దు, అన్నిటికీ ఒకటే పెట్టుకోవద్దు, ఓటీపీ ఇంట్లోవాళ్లకు కూడా చెప్పొద్దు అని నేను చెబుతుంటే ఇంట్లోవాళ్లకు కూడానా అని నవ్వుతారు. దొంగలు ఎక్కడో ముక్కూమొహం తెలియని ఊళ్లలో ఉంటారని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం నాకు లేదు. నా పాస్‌వర్డులు ఊరికే మారుస్తుంటాను. మార్చి, మార్చానో లేదో మళ్లీ చూస్తాను. నా పాపకు ఎప్పుడో ఒకనాడు ఇలాంటి మనిషి ఎదురుపడుతుందేమోనని భయం. ఇలాంటి మనిషి అంటే నాలాంటి మనిషి.

మాధవికి చెప్తానా? తెలియదు. రేపు చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను, రేపు వచ్చాక పాపకు టిఫిన్ బాక్సు కట్టాను. నస్రీన్ ఎక్కడుందో కూడా కనుక్కోలేదు. కనుక్కోవడం కష్టమేమీ కాదు. నాన్న దుకాణం ఉండే ఉంటుంది. ఆ దారిన పోకుండా చుట్టు తిరిగి పోతాను.

మీరు నన్ను క్షమించాలని ఇది రాయలేదు. అది మీ చేతిలో లేదు. కానీ నస్రీన్ ఆ పని చేయలేదని ఈ లోకంలో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. అది తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఇప్పుడు మీకూ తెలుసు.