అమ్ముడుపోయిన గురువారం

పటాన్‌చెరు చుట్టుపక్కల బేరం తెలిసినవాళ్లకు కొదవ లేదు. ప్లాట్లు అమ్మేవాళ్లున్నారు, మూతపడ్డ కంపెనీల మిషన్లను తుక్కు కింద కొనేవాళ్లున్నారు. కానీ ఒక ఇంటి ప్రార్థన కూడికను తీసి ఇంకో ఇంటికి ఇచ్చేసి, పోగొట్టుకున్నవాడితోనూ పుచ్చుకున్నవాడితోనూ "థాంక్స్ అన్నా" అనిపించుకున్న మొనగాణ్ణి నేనొక్కణ్ణే. పోయిన ఏడాది శ్రమదినాల్లో చేశాను ఆ బేరం. మా నాన్న బతికి ఉంటే వీపు తట్టి మెచ్చుకునేవాడు, అమ్మిన సరుకేమిటో అడగకుండా ఉంటే.

సంగారెడ్డి బజారులో మాది స్టీలు సామాన్ల దుకాణం. ఒక పక్క కిరాణం, ఇంకో పక్క గాజుల దుకాణం. గాజుల చాచా నన్ను స్టూలు మీద కూర్చోబెట్టుకుని విద్య చెప్పేవాడు. "గిరాకీ మాట్లాడుతుంటె నువ్వు ఊకో బేటా. ఊకున్నోడే గెలుస్తడు." బడిలో నేర్చుకున్నదంతా పోయింది గానీ ఇది పోలేదు. ఆదివారం మాత్రం నాన్న షట్టరు దించి, మా అందరి తలలకు నూనె రాసి చర్చికి తోలుకుపోయేవాడు. కానుక పళ్లెం దగ్గరికి వచ్చినప్పుడు కూడా నాకు చేయి జేబులో ఆగి, ఇంకాస్త తక్కువకు కుదురుతుందేమో అనిపించేది.

ఇప్పుడు పటాన్‌చెరులో నాకు పైపులు, కొళాయిల దుకాణం ఉంది. మా సంఘంలో పురుషుల సహవాసానికి కార్యదర్శిని కూడా. భక్తి చూసి ఇచ్చిన పదవి కాదు. కుర్చీలు, షామియానా, మైకుసెట్టు తక్కువ కిరాయికి తెస్తానని ఇచ్చారు. శ్రమదినాల్లో, అంటే ఈస్టర్ పండుగకు ముందు వారాల్లో, ఆదివారం తప్ప రోజూ సాయంత్రం ఒకరింట్లో కూడిక పెట్టుకోవడం మా ఆనవాయితీ. పాటలు, వాక్యం, ప్రార్థన, ఆ తర్వాత చాయ్. ఏ రోజు ఎవరింట్లోనో తేల్చేది కార్యదర్శే. అంటే నేనే.

ఆ చాయ్ ఎప్పుడో పోయింది. మొదట మిర్చి బజ్జీలు వచ్చాయి, తర్వాత పులిహోర, ఆ తర్వాత ఒకరింటిని మించి ఇంకొకరింట్లో భోజనాలు. పోయిన ఏడాది మా సహవాసపు అధ్యక్షుడు కొత్త పద్ధతి తెచ్చాడు. మగవాళ్లందరూ తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు వేసుకుని రావాలి. "ప్రభువు ఎదుట తెల్లగ కనవడాలె" అన్నాడు. ఆయన ప్రభువు అన్నది మూడు కాళ్ల స్టాండు మీద బిగించిన ఫోన్‌ను. ప్రతి కూడికనూ వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టేవాళ్లు. దాంతో శ్రమదినాలు ఇస్త్రీదినాలయ్యాయి. మోకాళ్ల మీద పడితే గీత చెదురుతుందని కుర్చీ అంచున కూర్చుని ముందుకు వంగి ప్రార్థన చేసేవాళ్లు. కళ్లు మూసుకోమన్నప్పుడు ఒకాయన ఫోన్ అద్దంలో జుట్టు సర్దుకోవడం చూశాను. చూశానంటే నేనూ కళ్లు తెరిచే ఉన్నానన్నమాట. గది నిండా గంజి, అత్తరు, దాని కింద చెమట కలిసిన వాసన. నేనూ రెండు తెల్ల జతలు కొన్నాను, బేరమాడి.

మా సంఘంలో మందుల కంపెనీలో పనిచేసే ఒక తమ్ముడున్నాడు. కంపెనీ గోడ వెనక లేబర్ లైనులో ఒక్క రేకుల గది కిరాయికి తీసుకుని తల్లితో ఉంటాడు. ఆ తల్లికి పక్షవాతం వచ్చింది. చూపు అంతకుముందే మసకబారింది. మంచం దిగి చర్చికి రాలేదు. ఆమె అడిగేది ఒక్కటే, సంఘమంతా తన గదిలో కూర్చుని పాడితే వినాలని. దానికోసం ఆ తమ్ముడు నా దుకాణానికి వచ్చి, గిరాకీ పోయేదాకా గడప దగ్గర నిలబడి, ఒక గురువారం అడిగి తీసుకున్నాడు. ఆ వారం అతనికి మధ్యాహ్నం షిఫ్టు. సాయంత్రం ఇంట్లో ఉండడానికి పక్కవాడి డ్యూటీ తాను చేసి, తన డ్యూటీ వాడికి అప్పగించాడు.

ఆ గురువారమే కావాలని అధ్యక్షుడు ఫోన్ చేశాడు. కిష్టారెడ్డిపేటలో కొత్త ఫ్లాటు కొన్నాడు. బయటి నుంచి వచ్చే పేరున్న ప్రసంగీకుడు ఆ ఒక్క రోజే దొరుకుతున్నాడు.

"అది వేరేవాళ్లకు ఇచ్చినమన్నా" అన్నాను.

"ఎవరికి?"

చెప్పాను.

"గా రేకుల అర్రల స్టాండు యాడ వెడ్తరు, మనుషులు యాడ కూసుంటరు? నువ్వు మాట్లాడు. నీకు మాట్లాడనీకె రాదా ఏంది?"

నా విద్యను మెచ్చుకున్నాడు. నేను పొంగిపోయాను. అదే సాయంత్రం లేబర్ లైనుకు వెళ్లాను.

ఆ తమ్ముడు గుమ్మంలో చాప వేసి కూర్చోబెట్టాడు. మంచం మీద తల్లి అటు తిరిగి పడుకుని ఉంది. గురువారానికి బదులు చివరి వారంలో బుధవారం ఇస్తానన్నాను. అతను ఏమీ అనలేదు. పాస్టరుగారు స్వయంగా వస్తారన్నాను. అతను ఏమీ అనలేదు. ఊరుకున్నవాడే గెలుస్తాడని తెలిసి కూడా ఆగలేక, కీబోర్డు కూడా తెప్పిస్తానన్నాను.

"కీబోర్డు ఎందుకన్నా? అమ్మకు మనుషుల గొంతు కావాలె."

"అందరొస్తరు తమ్మీ. ఒక్కరు తప్పకుండ."

"ఆ దినం కోసమే డ్యూటీ మార్చుకున్ననే."

"బుధవారం నీకేం డ్యూటీ?"

"రాత్రి షిఫ్టు. ఏడింటికి బస్సొస్తది."

"ఏడు లోపట ముగిస్తం. పెద్ద కూడిక అయితది సూడు, గురువారం కంటె."

అతను తల్లి వైపు చూశాడు. "సరే అన్నా. నువ్వు చెప్తున్నవ్ గదా. థాంక్స్ అన్నా."

మంచం మీంచి గొంతు వచ్చింది. "ఏమంటుండు రా?"

"వస్తరట అమ్మా. జెర వెనుకకు వోయింది."

నేను లేచి చెప్పులు వేసుకున్నాను. గెలిచిన బేరం తర్వాత నడక తేలిగ్గా ఉంటుంది. ఆ రోజూ అలాగే ఉంది. అందుకే ఆ నడకంటే ఇప్పుడు అంత రోత.

గురువారం కిష్టారెడ్డిపేట ఫ్లాటు నిండిపోయింది. చెప్పులు తలుపు దాటి లిఫ్టు దాకా పరుచుకున్నాయి. హాల్లో ఏసీ చల్లదనం, తెల్ల చొక్కాల వరసలు, మొదటి వరసలో నేను. ప్రసంగం అయ్యాక అధ్యక్షుడే లేచి ప్రార్థన చేశాడు. ఇంట్లో మనలాగే మాట్లాడే మనిషి మైకు ముందుకు రాగానే పుస్తకంలోంచి మాట్లాడతాడు. "పెద్ద ఇళ్లలోనే కాదు తండ్రీ, రేకుల ఇళ్లలోనూ, కూలివారి గదులలోనూ నీ దీపము వెలిగించుము" అన్నాడు. అక్కడ గొంతు పూడుకుపోయింది. కన్నీళ్లు చెంపల మీదికి జారాయి. నేనూ కళ్లు తుడుచుకున్నాను. అందరం ఆమెన్ అన్నాం.

అప్పుడు ఫోన్ దగ్గర నిలబడ్డ ఆయన బామ్మర్ది చెవిలోంచి తీగ పీకేసుకుని అన్నాడు. "బావా, బొమ్మ వచ్చింది గని ఆవాజ్ రాలే."

"మొత్తమా?"

"ప్రార్థన మొత్తం."

"ముందుగాల సూస్కోవద్దా రా?" అధ్యక్షుడు రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. దువ్వెన తీసి జుట్టు సరిచేసుకున్నాడు. "సరే, ఇంకోసారి చేద్దాం. అందరు అట్లనే కూసోండ్రి. కదలకుండ్రి."

ఎవరూ కదలలేదు.  ప్రసంగీకుడు మళ్లీ తల వంచాడు. అధ్యక్షుడు మళ్లీ చేతులెత్తాడు. అవే మాటలు. రేకుల ఇళ్ల దగ్గరికి రాగానే అదే చోట అదే గొంతు అలాగే పూడుకుపోయింది. నేను కళ్లు తెరిచి చూశాను. నీళ్లు నిజంగానే వచ్చాయి. దొంగ ఏడుపైతే నాకు అర్థమయ్యేది. ధర దించమన్నప్పుడు మా బజారులో అందరూ ఏడుస్తారు. కానీ అడిగినప్పుడల్లా అసలు కన్నీళ్లే కారుతున్నాయి, నల్లా తిప్పినట్టు.  అది చూసి కూడా, ఈసారి మైకు పనిచేస్తోందని తెలుసు కనుక, ఆమెన్ మొదటిదానికంటే గట్టిగా అన్నాను. తర్వాత బిర్యానీ రెండుసార్లు పెట్టించుకున్నాను.

ఇక నేను మాటిచ్చిన బుధవారం దగ్గరపడింది. పాస్టరుగారికి అదే రోజు జోగిపేటలో ప్రార్థన సభ తగిలింది. అధ్యక్షుడికి ఫోన్ చేశాను.

"ఆడ కార్లు యాడ ఆపుతం? ఆ కంపెనీ వాసనకు బట్టలు మళ్ల పనికిరావు. ఆదివారం చర్చిలనే ఆమె పేరు మీద ప్రార్థన చేద్దాం."

"ఆమె మంచం దిగలేదన్నా. ఆదివారం చేస్తే ఆమెకెట్ల ఇనవడతది?"

"ప్రభువు అంతట ఉంటడు గదా" అన్నాడు.

ఎక్కడికీ కదలకుండా ఉండడానికి ప్రభువును ఇలా వాడుకోవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. మిగతావాళ్లకు ఒక్కొక్కరికే ఫోన్ చేశాను. ఒకాయనకు మోకాళ్ల నొప్పి. ఒకాయన బంధువుల పెళ్లిలో ఉన్నాడు. ఇంకొకాయన "భోజనాలు ఉన్నయా?" అని అడిగి, లేవని తెలిశాక సిగ్నల్ సరిగ్గా లేదన్నాడు. వీళ్లంతా నాతో పాటు కిష్టారెడ్డిపేటలో రెండుసార్లు ఆమెన్ అన్నవాళ్లు.

చివరికి బైబిలు, ఒక బిస్కెట్ ప్యాకెట్ పట్టుకుని ఒక్కణ్ణే వెళ్లాను. ఆ తమ్ముడు కంపెనీ యూనిఫారం వేసుకుని, టిఫిన్ డబ్బా సర్దుకుంటున్నాడు.

"ఒక్కనివే వచ్చినవా అన్నా?"

"వెనక వస్తున్నరు" అన్నాను. లేని సరుకు దారిలో ఉందని చెప్పడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య.

"రారు లే అన్నా. కూసో." ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు బాగుండేది.

మంచం మీద తల్లి ఇటు తిరిగింది. "ఎవలు రా?"

"సంఘం అన్న అమ్మా."

"మళ్ల వచ్చిండ్రా? మొన్న గురువారమే గదా అందరొచ్చి పాడిపోయిండ్రు."

నేను ఆ తమ్ముడి వైపు చూశాను. అతను వంగి బూట్ల లేసు కట్టుకుంటున్నాడు.

"కన్నులు కనవడవు గని చెవులున్నయి బిడ్డా" అంది ఆమె. "అర్ర నిండిపోయింది. ఎవల కాలో నా మంచానికి తాకింది. నడుమల హిందీ పాట గూడ ఎత్తుకున్నరు. మన సంఘం హిందీ ఎప్పుడు నేర్సింది రా అంటె వీడు ఒకటే నవ్వుడు. నువ్వు గూడ ఉంటివి గదా?"

గాజుల చాచా చెప్పినట్టు కాసేపు ఊరుకున్నాను. గెలవడానికి అక్కడ ఏమీ లేదు.

"ఉన్న అమ్మా."

"పాడినవా?"

"పాడిన."

"నీ గొంతు గుర్తువట్టలే. ఏమనుకోకు." పనిచేసే చేతిని గాలిలో తడుముతూ చాచింది. నేను వంగాను. నా తల దొరికాక దాని మీద అరచేయి పెట్టి, "దుకాణం ఇడిచిపెట్టి వచ్చినవు. ప్రభువు నిన్ను సల్లగ సూడాలె" అంది. ఆ చేయి చాలాసేపు అలాగే ఉంది. తీసేస్తే బాగుండునని అనుకున్నాను.

బయటికి వచ్చాక ఆ తమ్ముడు గొంతు తగ్గించి చెప్పాడు. "మార్చుకున్న డ్యూటీ ఊకనే పోనియ్యబుద్ధి గాలే అన్నా. పక్క అర్రలల్ల జార్ఖండ్ భయ్యాలున్నరు, వాళ్లు గూడ మన దేవుణ్ణే మొక్కుతరు. షిఫ్టు దిగినోళ్లు దిగినట్టే వచ్చి కూసున్నరు, స్నానం గూడ చెయ్యలే. ఒంటి నిండ మందుల పౌడరే. నేను తెలుగుల ఎత్తుకుంటె వాళ్లు రాగం పట్టిండ్రు, వాళ్లు హిందీల పాడితె నేను చప్పట్లు కొట్టిన. సంఘం వచ్చిందా రా అని అమ్మ అడిగింది. వచ్చిందమ్మా అన్న." బస్సు వచ్చే వైపు చూశాడు. "అది అబద్ధమా అన్నా? అప్పట్నుంచి మనసుల అదే గుంజుతుంది."

అక్కడ అబద్ధం ఆడినవాళ్లలో ఆ ప్రశ్న అడిగినవాడు అతనొక్కడే.

"కాదు తమ్మీ. సంఘమే వచ్చింది" అన్నాను.

కంపెనీ బస్సు హారన్ కొట్టింది. అతను డబ్బా చేతికి తగిలించుకున్నాడు. "వచ్చే ఏడు మా ఇల్లు పెట్టకుండ్రి అన్నా. మీ అందరికి ఇబ్బంది" అని బస్సెక్కాడు. దెప్పి పొడవడానికి అనలేదు. నిజంగా మా ఇబ్బంది గురించే ఆలోచించాడు.

ఇక బిల్లు. ఆ గురువారం నాది కాదు, నేను అమ్మాను. దానికి నాకు దక్కినవి రెండు ప్లేట్ల బిర్యానీ, వీడియోలో మొదటి వరసలో నా మొహం, నేను పాడని పాటకు ఒక ముసలమ్మ దీవెన. ఆమెకు నా చేతుల మీదుగా ముట్టింది ఒక బిస్కెట్ ప్యాకెట్. తగ్గింపు కింద రాసుకోవడానికి ఏమీ లేదు. ఆ దీవెన తిరిగి ఇచ్చేద్దామని, జరిగింది చెప్పేద్దామని, ఆ తర్వాత రెండుసార్లు లేబర్ లైను దాకా వెళ్లి గుమ్మం నుంచే వెనక్కి వచ్చాను. ఈ ఏడాదీ కార్యదర్శిని నేనే. అందరూ ఉండమన్నారు, నేను కాదనలేదు.