మామిడి కాలంలోనూ మాత్ర ఆపనివ్వని మా అక్క

మా అక్క సరోజిని పోయిన వారం నూజివీడులో ఒక ఆసుపత్రిలో కన్నుమూసింది. ఉదయం సొమ్మసిల్లిన ఆమెను అక్కడ చేర్చి, లారీ వచ్చిందని చాట్రాయి దగ్గరి మా తోటకు తిరిగొచ్చాను. కాయ ఎత్తిస్తుండగా ఫోన్ వచ్చింది. నమ్మలేక ఆ మాట మళ్లీ చెప్పించుకున్నాను.

కీళ్లవాతం అక్కను చిన్న వయసులోనే పట్టింది. వేళ్లు వంకర పోయాయి. మా షెడ్డులో కాయలు ఏరే ఆడవాళ్లలో కొందరిదీ అదే జబ్బు. మధ్యాహ్నం క్యారేజీలు విప్పగానే వాళ్లంతా అక్క ఎదుటే మాత్ర మింగి, నోరు తెరిచి చూపించాలి.

"నొప్పి లేదుగా సరోజినమ్మగారూ, ఇవాళ్టికి వదిలెయ్యండి" అంది ఒకసారి వాళ్లలో ఒకతైన మంగ.

"నొప్పి లేంది మాత్ర వల్లే మొద్దూ! తొడిమ ఊడిన కాయ కోసిన పూట బానే ఉంటది. సొన కారి నల్లబడ్డాక ఎవడు కొంటాడు? నోరు తెరు."

"మా అత్త కూడా ఇంత ఆరా తియ్యదండి!"

"నువ్వు పోతే మీ అత్తకి ఇంకో కోడలొస్తది. నాకింకో మంగ ఎక్కడ దొరుకుద్దే?"

అందరూ నవ్వారు. మంగ మింగింది.

పండు వేడి, మాత్ర వేడి, రెండూ కలిస్తే ఒళ్లు తట్టుకోదని మా వైపు మామిడి కాలంలో మందులు ఆపేస్తారు. అక్క పోరాటమంతా ఆ నమ్మకంతోనే. "పండు మానండి, మాత్ర మానకండి" అనేది. మామిడి తోటలో నిలబడి ఆ మాట అనగలిగింది ఆమె ఒక్కతే.

ఆ నమ్మకం నాలోనూ ఉంది. ఈ వేసవిలో అక్కకు నోరు పూసింది. వేడే అనుకున్నాను. తన స్టెరాయిడ్ మాత్రలు అయిపోయాయి, తెమ్మంది. నూజివీడు రోజూ వెళ్తూనే ఉన్నాను. "మర్చిపోయానక్కా, రేపు తెస్తా" అన్నాను. మర్చిపోలేదు. కొన్నాళ్లు ఆగితే వేడి తగ్గుతుందని కావాలనే తేలేదు.

"ఇది ఉన్నపళంగా ఆపే మాత్ర కాదురా తమ్ముడూ" అంది. మళ్లీ రేపన్నాను, నా మాట నమ్మి ఎదురుచూసింది.

ఏళ్ల తరబడి వాడిన మందు ఒక్కసారిగా ఆగడమే ప్రాణం తీసిందని డాక్టరు చెప్పారు. ఆయన ఎదుట, మాత్ర మరిచింది అక్కే అన్నట్టు నిలబడ్డాను.

నిన్న షెడ్డులో మంగ అంది: "వేడి చేస్తందండి బాబుగారూ, కాయ అయిపోయేదాకా ఆపుతానండి." అప్పుడు జరిగిందంతా చెప్పాను. అక్కను చంపింది ఆ మాటేనని, దాన్ని నమ్మింది నేనేనని చెప్పాను. ఎవరూ తిట్టలేదు. మిగతావాళ్లు మాత్రలు తీసి మింగారు. మంగ మాత్రం క్యారేజీ మూత పెట్టేసింది.

"ఆవిడే లేనప్పుడు ఎవరికి చూపించాలండీ?"

నిజం చెప్పి కూడా నేను మంగ చేత మింగించలేకపోయాను. అక్క ఉన్న చోటు ఖాళీగానే ఉంది, అందులో కూర్చునే అర్హత నాకు లేదు. అక్కకు చేతులెత్తి మొక్కుతున్నాను. క్షమించమని అడిగే మొహం లేదు. మంగ ఇవాళ కూడా మాత్ర వేసుకోలేదు.