మంచం తలాపున కండె

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. ఆసుపత్రి ఆయా ఒకామె పోతే ఎవరు రాస్తారు, ఎవరు చదువుతారు అని తీసిన కాగితాన్ని మళ్ళీ లోపల పెట్టేశాను. పైగా నాకు రాయడమంటే బద్ధకం. మాట్లాడమంటే మాత్రం ఎదుటివాళ్ళు లేచి వెళ్ళేదాకా మాట్లాడతాను. పోయిన గురువారం పొద్దున జోడ్‌భావి పేట్‌లో చాయ్ తాగుతుంటే ఆమె కొడుకు సైకిలాపి, "కాకా, అమ్మ పోయింది. పన్నెండింటికి తీస్కపోతున్నం" అని చెప్పి వెళ్ళాడు. వెళ్ళాను. పదిహేను మంది ఉన్నారు. అందులో ముగ్గురికి పోయింది ఎవరో కూడా సరిగా తెలియదు, ఒకాయన నన్నే అడిగాడు. నిలబడి చెప్పడం మొదలుపెట్టాను, సగంలో పాడె లేచింది. మిగతా సగం కోసం ఈ కాగితం.

ఆమెను అందరూ మౌశీ అనేవారు, మరాఠీలో పిన్ని అని. మా షోలాపూర్ ఆసుపత్రుల్లో వార్డు తుడిచి, పక్కలు మార్చి, రోగులను లేపి కూర్చోబెట్టే ఆడవాళ్ళందరినీ అలాగే పిలుస్తారు. నాకంటే పదేళ్ళు చిన్నది. అయినా నేనూ మౌశీ అన్నాను, ఆమె నన్ను అన్నా అంది. వరస కుదరదని ఇద్దరికీ తెలుసు.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా తెలివితక్కువతనం మీకు పూర్తిగా తెలియదు. చాదర్ల మీద పూలూ నెమళ్ళూ రావాలంటే ముందుగా మగ్గానికి తగిలించే అట్టలకు చిల్లులు గుద్దాలి, వాటిని బట్టే పోగులు లేస్తాయి. నా పని అది. నాకు చదువు బళ్ళో రాలేదు, నూలు కట్టలకు చుట్టి వచ్చిన పాత పేపర్లు చదివి వచ్చింది. ఒకసారి తోక దగ్గర చిల్లులు తప్పి నెమలి కాస్తా కోడి అయింది. ఆ చాదర్లు కర్ణాటక వైపు తెగ పోయాయి, ఆ కోడినే మళ్ళీ గుద్దమని ఆర్డర్లు వచ్చాయి. అది వేరే కథ. చెప్పొచ్చేదేమిటంటే నేను పనిచేసింది మిద్దె మీది గదిలో, చప్పుడుకు దూరంగా. నా చెవులు ఇప్పటికీ బాగున్నాయి. మా పెద్దన్న మాత్రం కుంఠా నాకా దగ్గరి కార్ఖానాలో ముప్పై ఐదేళ్ళు రెండు సాంచాలు నడిపాడు. కరెంటు మగ్గాన్ని మేము సాంచా అంటాం. అవి నడిచేచోట పక్కవాడు చెవిలో అరిచినా వినబడదు. అన్న ఇంటికొచ్చాక మేమే అరిచేవాళ్ళం. కొన్నేళ్ళకు అదీ లాభం లేకపోయింది.

ఎనభైల్లో ఒక వానాకాలం అన్నకు ఛాతీలో నెమ్ము చేరి జ్వరం పట్టుకుంది. ఆసుపత్రిలో చేర్చాం. పేరు చెప్పను, అందులో చెడ్డవాళ్ళెవరూ లేరు. మూడో రోజు నుంచి అన్న మంచం దిగి పోబోతాడు, ఆపితే గింజుకుంటాడు, చేతులతో గాలిలో ఏదేదో చేస్తాడు, పక్క తడుపుకుంటాడు. నాలుగో రోజు చేతులు మంచానికి కట్టారు, చాదరు పేలికలతో. ఎవరి నేతో అని చూశాను. మా పేటది కాదు.

కుర్ర డాక్టరు వచ్చి, కాగితం మీంచి తలెత్తకుండా మరాఠీలో అడిగాడు, "ఇది మీ ఇల్లా?"

"హా," అన్నాడు అన్న.

"ఇక్కడ లేని మనుషులు కనబడుతున్నారా?"

"హా."

"పాములు?"

"హా, హా."

సేఠ్ పెదవులు కదిలితే హా అనడం సాంచా మీద పనిచేసిన ప్రతివాడికీ అలవాటు. ఏమన్నాడో తర్వాత పక్కవాణ్ణి అడిగి తెలుసుకుంటాడు. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా ఆ రోజు తట్టలేదు. డాక్టరు వేరే ఊళ్ళోని పిచ్చాసుపత్రికి ఉత్తరం రాసి, సోమవారం పంపిస్తామన్నాడు. అక్కడికి పోయిన ముసలివాళ్ళలో తిరిగొచ్చినవాణ్ణి మా పేటలో ఎవరూ చూడలేదు.

వదిన కళ్ళు తుడుచుకుంటూ, "నలభై ఏండ్ల సంసారంల నాతోని నాలుగు ముక్కలు మాట్లాడలే. ఇప్పుడు సూడు మరిదీ, పక్క మంచపాయనతోని చేతులతోని ఎట్ల ముచ్చటవెడ్తుండో," అంది.

శనివారం మధ్యాహ్నం నారింజ తొనలు తినిపిద్దామని అన్న చేతులు విప్పాను. తొన పక్కన పడేసి, రొమ్ము మీద చెయ్యేసుకుని, రెండు వేళ్ళు చూపించి, చెయ్యి గుండ్రంగా తిప్పి, తలుపు వైపు చూపించాడు. పక్క మంచంలో కాలు విరిగిన రైతు ఒకాయన భయపడి గోడవైపు తిరిగాడు. అన్న నాకేసి తిరిగి మళ్ళీ అదే చేశాడు. నుదుటి మీద చెమట.

"ఏందన్నా? ఏం గావాలె?" అని అరిచాను. నర్సు పేలికలు పట్టుకుని వచ్చేసింది.

మౌశి ఆ రోజే కాన్పుల వార్డు నుంచి ఇటు మారిందట. తుడుస్తున్నదల్లా బకెట్ కింద పెట్టి, మంచం కాళ్ళవైపు నుంచి చుట్టు తిరిగి అన్న ఎదురుగా వచ్చి నిలబడి, అరచెయ్యి పైకెత్తింది. అంతే. అన్న గట్టిగా ఊపిరి వదిలి, మంచం దిగి, నా భుజం పట్టుకుని తిన్నగా పాయిఖానాకు నడిచాడు. తిరిగొచ్చి, కూర్చోకముందే ఆమెకు చెయ్యి చూపించాడు. ఆమె తలూపి బకెట్ తీసుకుంది.

"ఏమడిగిండు మౌశీ?" అన్నాను.

"నా రెండు సాంచాలు సూడు, నేను బయటికి పోయొస్త అన్నడు. ఇడిసి పోతె పోగులు తెగుతయి గదా. పక్కోడు చెయ్యెత్తాలె, అప్పుడే కదులుతడు. ఎన్ని దినాలసంది అడుగుతుండో ఈ మామ, ఒక్కరన్న చెయ్యెత్తిండ్రా?" అని నన్ను పైకీ కిందికీ చూసింది. "నువ్వేం పని జేస్తవన్నా?"

"అట్టలు గుద్దుత."

"అవ్, తెలుస్తనే ఉంది."

భర్త పోకముందు పదిహేనేళ్ళు ఆమె అలాంటి కార్ఖానాలోనే కండెలకు నూలు చుట్టిందని తర్వాత తెలిసింది. ఆ చప్పుడులో అందరూ మాట్లాడుకునేది చేతులతోనే.

సోమవారం ఆమె డాక్టరును వెలుతురు మొహం మీద పడేలా కిటికీకి ఎదురుగా నిలబెట్టింది. చేతిలోని కాగితం పక్కన పెట్టించింది. "అరవకుండ్రి సాబ్. అరిస్తె చెవిటోనికి కోపమే కనబడ్తది, మాట కనబడది," అంది. ఆయన మెల్లగా, ఆమె చేతుల సాయంతో మళ్ళీ అడిగాడు. అన్న తన పేరు చెప్పాడు, వదిన పేరు చెప్పాడు, పాములు లేవన్నాడు. ఇదెక్కడ అంటే మాత్రం కార్ఖానా అన్నాడు. డాక్టరును చూపించి, "ఈ జాబర్ కొత్తగొచ్చిండా?" అని ఆమెను అడిగాడు. సాంచాలు రిపేరు చేసేవాణ్ణి జాబర్ అంటారు.

"జరమున్నన్ని దినాలు కార్ఖానా అనే అంటడు సాబ్, అననియ్యిండ్రి," అంది మౌశి. "దానికే పిచ్చి అంటె కుంఠా నాకా మొత్తాన్ని బండెక్కియ్యాలె."

డాక్టరు నవ్వలేదు. ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. వారానికి జ్వరం దిగింది. అన్న ఇంటికొచ్చి ఆరేళ్ళు బతికాడు. ఆసుపత్రి సంగతేదీ గుర్తులేదు గానీ, "ఆమెది ఏ కార్ఖానా?" అని అప్పుడప్పుడు అడిగేవాడు.

ఆ తర్వాత మౌశి ఒక అలవాటు పెట్టుకుంది. చెవులు వినబడని ముసలివాళ్ళు వస్తే మంచం తలాపున ఒక ఖాళీ కండె కట్టేది. కండె అంటే నూలు చుట్టే జానెడు కర్ర. అది కనబడితే ఎదురుగా వచ్చి మాట్లాడాలి, నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీయాలి, వెనకనుంచి ముట్టుకోకూడదు. కార్ఖానాలో వెనకనుంచి ముట్టుకుంటే మనిషి ఉలిక్కిపడి చెయ్యి సాంచాలో పడుతుంది. "ముందుగాల కండ్లల్ల పడాలె, తర్వాత చెయ్యెయ్యాలె," అని నర్సులకు కూడా చెప్పేది. కొందరు విన్నారు. ఆమె పని మానేశాక కండెలు ఊడిపోయాయి.

పోయిన సోమవారం, ఆమె పోవడానికి మూడు రోజుల ముందు, అదే వార్డులో మంచం మీద ఆమెను చూశాను. ఆమె చెవులూ ఎప్పుడో పోయాయి. అక్కడి నర్సుల్లో, ఆయాల్లో ఆమెను ఎరిగినవాళ్ళు లేరు. నర్సు వెనకనుంచి భుజం తడితే ఉలిక్కిపడి గ్లాసు పడేసింది, "పేషంటు గడబిడ చేస్తున్నది" అని రాసుకున్నారు. నేను ఇంటికొచ్చి, పాత కండె ఒకటి వెతికి, తీసుకెళ్ళి తలాపున కట్టాను.

తుడుస్తున్న కొత్త ఆయా, "ఇదేంది తాతా, దిష్టికా?" అంది. ఆమెకు ఈ కథంతా చెప్పాను. చీపురు ఆపి కాసేపు, ఆపకుండా కాసేపు విన్నది.

అంతలో మౌశి నాకేసి చూసి, రొమ్ము మీద చెయ్యేసుకుని, రెండు వేళ్ళు చూపించి, చెయ్యి తిప్పి, తలుపు చూపించింది. ఆమె ఏనాడూ సాంచా నడపలేదు. నేను చెయ్యెత్తాను. పక్కనే ఉన్న తన కోడలి భుజం పట్టుకుని ఆమె వెళ్ళి, తిరిగొచ్చి, ఇక నువ్వు పో అన్నట్టు చెయ్యి చూపించింది. వచ్చేశాను.

నిన్న కండె విప్పి తెచ్చుకుందామని మళ్ళీ వెళ్ళాను. కండె తలాపున అలాగే ఉంది, ఆ మంచంలో వేరే ముసలాయన ఉన్నాడు. కొత్త ఆయా మంచం కాళ్ళవైపు నుంచి చుట్టు తిరిగి ఆయన ఎదురుగా వచ్చి, నోటికడ్డం ఉన్న కొంగు తీసి, మెల్లగా, ఒక్కొక్క మాట విడదీసి, "చాయ్ తాగుతవా మామా?" అని అడిగింది.

"నాకు మంచిగనే వినబడ్తది బిడ్డా. తాగుత," అన్నాడాయన.

కండె విప్పలేదు.