తుపాకి చెక్క మీద ఐదు హంసలు

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే నాకు ఆవలింత వస్తుంది. హిందూపురం హైస్కూల్లో డ్రాయింగు మాస్టరుగా ఉన్నన్నాళ్ళూ పిల్లలకు నేను చెప్పింది ఒకటే: కంటికి కనబడింది గీయండి, ఉందనుకున్నది గీయకండి. ఇప్పుడు రాస్తున్నది కూడా నా కంటితో చూసిందే. నమ్మమని ఎవరినీ అడగను. నాకే ఇంకా పూర్తిగా నమ్మకం కుదరలేదు.

నాకు పాత మిలిటరీ తుపాకుల పిచ్చి ఉండేది. పెనుకొండ దగ్గర మాకు శెనక్కాయల చేను ఉంది. అడవి పందుల బెడదకని మా నాయన తుపాకి లైసెన్సు తీసుకున్నాడు. ఆయన పోయాక అది నా పేరుకు మారింది. నేను ఒక్క పందినీ కొట్టలేదు గానీ తుపాకులు కొనడం మాత్రం బాగా నేర్చుకున్నాను. "పందులు చేను తింటాండాయి, నువ్వు ఈడ తుపాకులు తుడుస్తాండావు" అనేది మా ఆవిడ.

యాభైల్లో, పోలీసులు వాడి పక్కన పెట్టిన తుపాకులను లైసెన్సు ఉన్నవాళ్ళకు అప్పుడప్పుడు వేలంలో ఇచ్చేవాళ్ళు. వాటిలో కొన్ని మొదటి ప్రపంచ యుద్ధానికి పోయివచ్చినవి. సైన్యం పని అయిపోయాక గొట్టాన్ని లోపల తొలిచి, చిన్న సీసపు గుండ్లుండే రవ్వల తూటా పట్టేటట్టు మార్చి, పోలీసులకు పంచారు. ఇనుము మీద కార్ఖానా గుర్తు, చేసిన సంవత్సరం, నంబరు ఉంటాయి. చెక్క మీద పటాలం ముద్రలు ఉంటాయి. నేను పలుచటి కాగితం పరిచి పెన్సిలుతో రుద్ది, ఆ గుర్తులన్నిటికీ అచ్చు తీసి పుస్తకంలో అంటించేవాణ్ణి. కొన్నవి నాలుగే, ఊళ్ళు తిరిగి చూసినవి చాలా. ఒక తుపాకి ఏ దేశం పోయి, ఎవరి చేతులు మారి మా తాలూకా చేరిందో తెలిస్తే నాకు ఆ వారమంతా పండుగే.

నాలుగో తుపాకి పెనుకొండ వేలంలో దొరికింది. దాని చెక్క మీద, భుజానికి ఆనించుకునే చోట, మొలతోనో కత్తి మొనతోనో గీసిన బొమ్మలున్నాయి. ఐదు హంసలు, వరసగా. అయిదూ మెడ వెనక్కి తిప్పి చూస్తున్నాయి. గీతల్లో ఎక్కడా వంపు లేదు, అంతా మెట్లు మెట్లుగా ఉంది. మామూలుగా హంస మెడను ఎవరూ అట్లా గీయరు. మగ్గం మీద అంచు నేసేవాళ్ళకు మాత్రమే ఆ అలవాటు ఉంటుంది, ఎందుకంటే దారంతో వంపు తిప్పాలంటే మెట్లు తప్పవు.

నేను అచ్చు తీసుకున్నాను. హంసలకు అటూ ఇటూ జానెడు చెక్క కూడా కాగితంలో వచ్చేటట్టు తీశాను. ఆ తర్వాత చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను. చెక్క నల్లగా మురికి పట్టి ఉందని ఉప్పు కాగితం పెట్టి గీతలు పోయేదాకా రుద్ది, అవిసె నూనె పట్టించి నున్నగా చేశాను. కొత్తగా తుపాకులు పోగేసేవాళ్ళందరూ చేసే తప్పే ఇది. వస్తువును మెరిపించి, దాని చరిత్రను చెత్తబుట్టలో వేస్తాం.

తుపాకి నంబరు పట్టుకుని రెండు మూడు చోట్లకు ఉత్తరాలు రాశాను. ఏ తుపాకి ఏ సిపాయి చేతికి ఇచ్చారో అంత పాత లెక్కలు లేవని ఒక్కచోటి నుంచి జవాబు వచ్చింది. మిగిలింది హంసలే. వేసవి సెలవుల్లో అచ్చు కాగితం పట్టుకుని ధర్మవరం పోయి, తెలిసిన పట్టుచీరల వ్యాపారికి చూపించాను. ఆయన అద్దాలు పెట్టుకుని, ఒక్క చూపు చూసి, ఫలానా వీధిలో ఓబులమ్మ ఇంటి అంచు ఇది అన్నాడు. మెడ తిప్పిన హంస ఊళ్ళో ఇంకెవరూ నేయరట.

ఓబులమ్మకు అప్పటికి అరవై దాటి ఉంటాయి. మరిది కొడుకు గంగప్ప ఇంట్లో ఉండేది. ఈ ఇంటి నుంచి యుద్ధానికి పోయిన నేతగాడు ఎవరని అడిగాను. అది ఆమె భర్తే; ఆయన పేరు ఆమె నోట రాదు కాబట్టి గంగప్పే చెప్పాడు, నాగన్న అని. మొదటి యుద్ధం రోజుల్లో, పెళ్ళైన మూడో ఏట, రోడ్లు వేసే పటాలంలో చేరి ఇరాక్‌లోని బస్రా వైపు పోయాడు. ఆచూకీ తెలియలేదని ఒక కాగితం వచ్చింది. అంతే, ఇంకే కబురూ లేదు.

పన్నెండేళ్ళు చూసి, దర్భ బొమ్మ చేసి కర్మ జరిపిద్దామని పెద్దలు అన్నారట. చచ్చినాడని చూసినోళ్ళు ఎవురు అని ఆమె అడిగిందట. ఎవరూ లేరు. అందుకని ఆమె గాజులు తీయలేదు, బొట్టు చెరపలేదు. కానీ వాయనం ఇచ్చే ఇంట ఆమెను పిలిచేవాళ్ళు కాదు, ముత్తైదువో కాదో తేలలేదని. గంగప్పకు ఇదంతా విసుగు. పెద్దమ్మ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అని నాతో నవ్వుతూ అన్నాడు గానీ, ఆ నవ్వులో దిగులు కూడా ఉంది. ఆమెకు ఆ యేడు ఆయాసం ఎక్కువైంది. ఆమె కూడా పోతే నాగన్న సంగతి ఇక ఎవరికీ పట్టదు.

కాగితం ఆమె చేతిలో పెట్టాను. చాలాసేపు వేలితో హంసలను తడిమింది. ఆ తర్వాత నన్ను అడిగిన మాట నేను మరిచిపోలేదు.

"చూడప్పా, ఇన్నేండ్లు ఆయనకని రోజూ ఒక ముద్ద ఎత్తిపెడతాండా. అది అన్నమా, పిండమా? అదొక్కటి తెలిస్తే చాలు నాకు."

తుపాకి చూడాలంది. గీతలు నేనే చెరిపేశానని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆమె కోప్పడలేదు, అయినా తీసుకురమ్మంది.

వెంటనే కుదరలేదు, ఎన్నికలు వచ్చాయి. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పజెప్పాలి. పెనుకొండ స్టేషన్లో హెడ్డు కానిస్టేబులు ప్రతి తుపాకినీ తిప్పి చూసి రిజిస్టరులో గుర్తులు రాస్తాడు. నాలుగో దాని దగ్గర, చెక్క నున్నగా ఉంది, గీతలు, పగుళ్ళు లేవు అని రాసి నా సంతకం తీసుకున్నాడు. ఎన్నికలు ముగిసేదాకా అది వాళ్ళ తాళం కిందే ఉంది. విడిపించుకున్న రోజు ఉదయమే రవాణా చీటీ రాయించుకుని, గోనెపట్టాలో చుట్టి, అటునుంచి అటే ధర్మవరం రైలెక్కాను. నడుమ ఇంకెవరి చెయ్యీ పడలేదు. రైల్లో ఒకసారి పట్టా విప్పి చూశాను కూడా, చెక్క నున్నగానే ఉంది.

ఓబులమ్మ వాకిట్లో అరుగు మీద కూర్చుని ఉంది. తుపాకిని ఆమె ఒళ్ళో పెట్టాను. ఆమె దాన్ని అరుగు అంచున నిలబెట్టి, గంగప్ప పెళ్ళాన్ని చెంబుతో నీళ్ళు తెమ్మంది. ఎందుకని అడిగాను.

"ఊరి నుంచి వచ్చినోళ్ళకు కాళ్ళకు నీళ్ళియ్యల్ల గదా నాయనా."

చెంబెడు నీళ్ళూ చెక్క మీద పోసి, కాళ్ళు కడిగినట్టు చేత్తో రుద్దింది. నూనె పట్టించిన చెక్క మీద నీళ్ళు పోస్తుంటే నా ప్రాణం ఉసూరుమంది. ఆపుదామనుకున్నాను. చెరిపినవాడికి ఆపే హక్కు ఎక్కడిది? తుపాకిని ఎండలో ఆరబెట్టి నేనూ గంగప్పా లోపలికి పోయి కాఫీ తాగాం. వాకిలి మాకు ఎదురుగానే ఉంది, ఆమె అరుగు దిగలేదు.

ముందు బయటికి పోయింది గంగప్ప. తుపాకి మీదికి వంగి చూశాడు. ఆ తర్వాత "ఐవారూ, ఒకసారి ఇట్ల రాండి" అన్నాడు.

చెక్క మీద హంసలు తేలి ఉన్నాయి. ఐదూ ఉన్నాయి. లోతుగా లేవు, పొడిచర్మం మీద గోటి గీతల్లా తెల్లగా ఉన్నాయి. నేను అచ్చు కాగితం తీసి పక్కన పెట్టాను. మెట్టుకు మెట్టు సరిపోయింది. అయితే ఐదో హంస తర్వాత, అడ్డంగా, పై నుంచి కింది దాకా రెండు గీతలున్నాయి. నా కాగితంలో ఆ చోట ఖాళీ చెక్క ఉంది, దాని నార చారలు కూడా అచ్చులో పడ్డాయి. గీతలు లేవు.

గంగప్ప ఆ రెండు గీతలను చూశాడు. లోపలికి పోయి పెట్టె అడుగు నుంచి ఒక పాత పట్టుచీర తెచ్చి నా ముందు పరిచాడు. వాళ్ళ తాత నేస్తూ నేస్తూ నడుమలోనే చనిపోతే, ఇంకొకరు పూర్తిచేసిన చీర అది. అంచులో హంసలు పోతూ పోతూ ఒకచోట రెండు అడ్డగీతలు వచ్చి, ఆ తర్వాత మళ్ళీ మొదలయ్యాయి. చీర నడుమ నేసేవాడు పోతే, మిగిలింది ఇంకొకరు నేసే ముందు ఆ రెండు గీతలు నేయడం వాళ్ళ ఇంటి ఆనవాయితీ. ఇంతదాకా ఆయన చెయ్యి, ఇక్కడి నుంచి వేరే చెయ్యి అని అర్థం. అట్లాంటి చీరను అమ్మరు, బయటివాళ్ళకు చూపించరు. నేను చూడటం అదే మొదటిసారి.

ఓబులమ్మ ఆ చీర వైపు చూడనే లేదు. రెండు గీతల మీద బొటనవేలు పెట్టి కూర్చుంది. ఏడవలేదు. కొంతసేపటికి గంగప్పను పిలిచి, పురోహితుణ్ణి పిలుచుకురమ్మని మెల్లగా చెప్పింది.

హిందూపురం వచ్చాక మా వడ్రంగిని అడిగాను. నొక్కుకుపోయిన చెక్క నీళ్ళు తగిలితే ఉబ్బి పైకి లేస్తుంది, సొట్టలు అట్లాగే తీస్తాం అన్నాడు. కోసిన గీత, అందులో ఉప్పు కాగితం పెట్టి అరగదీసిన గీత, మళ్ళీ వస్తుందా అంటే రాదన్నాడు. మొదట్నుంచీ లేని గీత సంగతి ఆయన్ను అడగలేదు. పిచ్చివాడనుకుంటాడని భయం. ఆమే గోటితో గీసిందేమో అని కూడా ఆలోచించాను. కానీ ఆ గీతలు రెండూ బద్ద పెట్టి గీసినట్టు తిన్నగా ఉన్నాయి. ఆమె చేతులు కాఫీ లోటా పట్టుకుంటేనే వణికేవి.

ధర్మవరంలో ఆ రోజు జరిగిన ఒక సంగతి మాత్రం ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. పురోహితుడు వచ్చి కూర్చున్నాడు. మనిషి పోయినాడనేదానికి ఆధారం ఏమని అడిగాడు. తుపాకి చూపిస్తే, దాని సంగతి తెలిసిన మనిషి చెప్పాలి అన్నాడు. అందరూ నా వైపు చూశారు. ఉందనుకున్నది గీయొద్దని పిల్లలకు చెప్పేవాణ్ణి నేను. నిజం చెప్పాలంటే నాకు తెలిసింది చెక్క మీద రెండు గీతలున్నాయనే తప్ప, బస్రాలో ఒక మనిషి చచ్చాడని కాదు. ఓబులమ్మ నన్ను చూడలేదు, నేల చూస్తోంది. నేను అవునన్నాను. పోయినాడు అన్నాను.

గంగప్ప కర్మ చేశాడు. ఆమె గాజులు ఆ సాయంత్రమే, నేనుండగానే, ఆమే తీసి పెట్టింది. కొన్ని నెలలకు ఆమె కూడా పోయిందని కబురు వచ్చింది.

ఒకవేళ నాగన్న ఎక్కడో బతికే ఉంటే? బతికున్నవాడికి పిండం పెట్టించిన పాపం నాది. ఆయన తిరిగి రాలేదు, కానీ రాకపోవడం రుజువు కాదు. ఆ గీతలు ఎట్లా వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు. నేను ఎందుకు అవునన్నానో అంతకన్నా తెలియదు.

ఈ అనుమానం ఆ రోజే ఆమెకు చెప్పాను. రైలు స్టేషనుకు బయలుదేరే ముందు దగ్గర కూర్చుని, అవ్వా, నేను చెప్పింది తప్పయితే అని గొణిగాను. ఆమె బోసి చేతిని నా తల మీద పెట్టింది.

"నువ్వు చెప్పినావని కాదప్పా నేను గాజులు తీసింది. వచ్చి ఆయనే చెప్పుకున్నాడు, పో."