పచ్చ బటన్ నొక్కండి

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మనకు తెలిసిందే లోకమనిపిస్తుంది. బందరులో మా ఆఫీసు కంప్యూటరు తెర ఎంత వెడల్పో, ఆ రోజుల్లో నా లోకమూ అంతే. గుడివాడలో ఒక ప్రైవేటు స్కూలుకు వెబ్‌సైటు చేస్తున్నాం. "చూపు లేనివాళ్ళు కూడా వాడేలా ఉండాల్రా, స్కూలువాళ్ళు గట్టిగా చెప్పారు" అన్నారు మా బాసు. అది తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. టీచరు ఉద్యోగాల దరఖాస్తు ఫారం చివర నేను ముచ్చటపడి పెట్టిన రెండు బొమ్మల బటన్లకు (ఒకటి ఫారం పంపడానికి, ఒకటి మొత్తం చెరిపేయడానికి) పేర్లు లేవని అది గోల పెట్టింది. పేరేగా కావలసింది! రెండింటికీ "బటన్" అని పెట్టేశాను. వందకు వంద మార్కులొచ్చాయి. ఆ ఆనందంలో ఆఫీసంతా పునుగులు తిన్నాం (తెప్పించింది నేనే). చూపు లేనివాళ్ళను ఒక్కరినైనా పిలిచి వాడి చూడమందామన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు.

టీచరు పోస్టుకు గడువు ముగిసే రోజు, సాయంత్రం ఐదుకు పది నిమిషాలుండగా నాకు ఫోనొచ్చింది (సైటులో సహాయం కోసమని ఇచ్చిన నంబరు నాదే). నాగాయలంక నుంచి ఒకావిడ. "ఫారమంతా నింపానండీ, గంటన్నర పట్టింది. చివర రెండున్నాయి, రెండూ బటన్ బటన్ అనే అంటున్నాయి. ఏది నొక్కమంటారు?"

"పచ్చది నొక్కండి మేడం" అన్నాను ఠక్కున.

"నాకు కనపడదు తమ్ముడూ. ఫోను చదివి వినిపిస్తే వింటాను. చూపు లేదని ఎక్కడికక్కడ దరఖాస్తు దగ్గరే ఆపేస్తున్నారు. ఈసారి ఇంటర్వ్యూ దాకా వెళ్తే చాలు, పాఠం చెప్పి చూపిస్తాను."

నాలుక కరుచుకుని, "అయితే మొదటిదండీ" అన్నాను. తెర మీద మొదట కనిపించేది పంపించే బటనే. కానీ కోడ్‌లో దాన్ని రెండోదిగా రాసి, అందం కోసం ముందుకు జరిపింది నేనే. ఆవిడ ఫోను చదివేది రాసిన వరసలో.

"అంతా పోయింది తమ్ముడూ. మళ్ళీ పేరు దగ్గర్నుంచి అడుగుతోంది."

ఐదవగానే ఫారం దానంతటదే మూసుకుంది. ఆ ఏర్పాటూ నాదే. అదొక్కటీ సెకను తేడా లేకుండా పనిచేసింది.

మర్నాడు గుడివాడ వెళ్ళి స్కూలువాళ్ళను బతిమాలాను. గడువంటే గడువే అన్నారు. సిగ్గుతో చచ్చిపోతూ ఆవిడకు ఫోన్ చేసి చెప్పాను. తిడితే బాగుండుననిపించింది. ఆవిడ మాత్రం, "పోన్లే తమ్ముడూ. వాటికి సరైన పేర్లు పెట్టావా మరి? నాలాంటి వాళ్ళు ఇంకెవరన్నా వస్తారుగా" అంది.

"పెట్టేశానండీ" అన్నాను. ఫోన్ పెట్టేసి, అప్పుడు పెట్టాను. రెండు నిమిషాలు పట్టింది. అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆవిడకు నిజం చెప్పే ధైర్యం మాత్రం ఇంకా రాలేదు.